మూకుడు పెట్టని ఏడాది

మా తాతయ్య పోయిన ఏడు మా ఇంట్లో మూకుడు పెట్టలేదు. అన్నం వండుకున్నాం, పప్పు వండుకున్నాం, చోడి అంబలి కాచుకున్నాం. నూనె మూకుడు మాత్రం పొయ్యెక్కలేదు. చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పండగ వంటలు చెయ్యకూడదు. అయినవాళ్ళు తెచ్చి పెడితే తినొచ్చు. పదమూడేళ్ళ నా ప్రాణం ఆ ఏడంతా ఈ రెండో ముక్క మీదే నిలబడింది. తాతయ్య మీద నాకు ప్రేమ లేదనుకోకండి. ఉంది. బూరెల మీద కూడా ఉంది.

అసలు ఆ బూరెల పిచ్చి నాకు అంటించింది తాతయ్యే. నాకు ముందు పుట్టిన ముగ్గురు దక్కలేదు. నాలుగోదాన్ని నేను బతికి బట్టకట్టాను. ఆ సంబరం ఆయనకి చచ్చేదాకా తీరలేదు. నాకు పన్ను వచ్చిందని బూరెలు వండించాడట. పన్ను ఊడిందని వండించడం నాకే గుర్తుంది. బడిలో అయిదో తరగతి గట్టెక్కితే ఊళ్ళో సగం మందికి పంచాడు. క్యాలెండర్లో ఉన్న పండగలు ఆ మనిషికి సరిపోయేవి కావు. మామ్మ విసుక్కునేది. "మీ తాతకి పండగెందుకు, గుంట తుమ్మితే సాలు" అనేది నన్ను చూపించి. విసుక్కుంటూనే పొయ్యి వెలిగించేది.

అలాంటి మనిషి పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, వినాయక చవితి నాలుగు రోజులుందనగా, పొద్దున్నే గట్టు మీద కూర్చుని కూర్చుని ఒరిగిపోయాడు.

ఆ రోజు మా నాన్న చేసిన ఒక పొరపాటు గురించి చెప్పాలి. మా నాన్న పేరు జగన్నాధం. నెమ్మదస్తుడు, ఎవరికీ అపకారం తెలీని మనిషి. మా అమ్మ లక్ష్మీనరసమ్మకి ఒక అలవాటుండేది. పోస్టు కార్డులు తెప్పించగానే నాలుగు మూలలా పసుపు రాసి అటక మీది పెట్టెలో పెట్టుకునేది. పుట్టింటికి శుభవార్తే రాయాలి గాని మరొకటి ఎందుకు రాస్తాం అనేది. ఆమెకి పుట్టిల్లంటే మిగిలింది ఒక్క తమ్ముడు, నరసింగరావు మావయ్య. కొత్తవలస స్టేషన్లో రైళ్ళకి పట్టాలు మార్చే ఉద్యోగం ఆయనది. ఆయన భార్యకి నెలలు నిండుతున్నాయి. గాజులు తొడిగించడానికి వస్తున్నానని రాద్దామని అమ్మ కార్డు ఒకటి పైకి తీసి పెట్టుకుంది. అది నాన్న చేతికి దొరికింది.

నాన్న కళ్ళు తుడుచుకుంటూ రాశాడు. మా నాన్నగారు కాలం చేసినారు, పదో రోజుకి రావలెను. చావు కబురు కాబట్టి ఆనవాయితీ ప్రకారం ఒక మూల చింపాడు. మిగతా మూడు మూలల పసుపూ ఆయన కంటికి ఆనలేదు. కార్డు వెళ్ళిపోయింది.

పదో రోజున మావయ్య వచ్చాడు. కాళ్ళు కడుక్కోమని అమ్మ చెంబుతో ఎదురెళితే పుచ్చుకోలేదు. చొక్కా జేబులోంచి కార్డు తీసి అక్క ముందు పట్టుకున్నాడు. మూడు మూలలా పసుపు, నాలుగో మూల చింపు.

"ఇదేటి అప్పా?" అన్నాడు. "నిండు మనిషున్న ఇంటికి పసుపు కార్డు మీద సావు కబురు రాస్తారేటి? మీ మరదలికి సదువు రాదు. పసుపు సూసి అప్ప కాడ్నించి మంచి కబురొచ్చినాదని కళ్ళకద్దుకున్నాది. దేవుడి గూట్లో ఎట్టి దీపం ఎట్టినాది. రెండు రోజులెట్టినాది అప్పా. నాను డూటీ నించి వచ్చి సదివీదాకా ఎడతన్నాది."

గుండు చేయించుకుని అరుగు మీద కూర్చున్న నాన్న లేచి నిలబడ్డాడు.

"సూసుకోనేదు బావా. తప్పయిపోనాది" అన్నాడు.

"నీకు తప్పు. మా ఇంటికి కీడు" అన్నాడు మావయ్య. "మూడు రోజులై అది అన్నం ముట్టలేదు. దానికేటైనా అయితే ఎవలు పూచీ?"

తాతయ్య పేర పెట్టిన దీపానికి దండం పెట్టుకుని, విస్తరి ముందు కూర్చోకుండానే వెళ్ళిపోయాడు. అమ్మ వీధి మలుపు దాకా వెనకే వెళ్ళింది. ఆయన తిరిగి చూడలేదు. తరువాత అమ్మ మూడు ఉత్తరాలు రాయించింది. పురుడెలా అయిందో కూడా మాకు కబురు రాలేదు. తోడబుట్టినవాడు ఉండీ లేనట్టు అయిపోయింది. అమ్మ పోస్టుమాను వచ్చే వేళకి చేటలో బియ్యం పోసుకుని వీధరుగు మీదకి చేరేది. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరేది.

మామ్మ కూడా మారిపోయింది. అంతకు ముందు ఇల్లంతా ఆమె గొంతే వినిపించేది. ఇప్పుడు పెరటి వసారాలోకి మకాం మార్చేసింది. అక్కడికి వెళ్ళమని ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే నాన్న పొలానికి బయల్దేరేటప్పుడు ఎదురు రాకూడదని తలుపు చాటుకి తప్పుకునేది. ఊళ్ళో ఎవరింట పేరంటమైనా, మా వీధిలో పెళ్ళి మేళం వినిపించినా, కుడితి గోలెం పక్కన పీట వేసుకుని అటు తిరిగి కూర్చునేది. వీధి గుమ్మం వైపు రావడమే మానేసింది.

ఇక దానమ్మ సంగతి.

మా ఊరికి సముద్రం రెండు కోసులు. వారానికి రెండుసార్లు దానమ్మ నెత్తి మీద బుట్టతో వచ్చేది. నెత్తళ్ళు, కవ్వళ్ళు, వర్షాకాలంలో ఎండు చేపలు. మా అమ్మ పుట్టిన ఊరు, వాళ్ళ జాలారిపేట ఒకదాన్ని ఒకటి ఆనుకునే ఉంటాయి, మధ్యలో ఒక సరుగుడు తోట. దానమ్మ మొగుడు ఎర్రన్న, అమ్మ చిన్నప్పుడు ఒకే ఇసకలో ఆడుకున్నారు. ఆ ఊరి వరసన ఎర్రన్న అమ్మని "అప్పా" అనేవాడు, దానమ్మ "వదినా" అనేది. నోటి వరసే. ఆ వరస వీధి గుమ్మం దగ్గర ఆగిపోయేది. పండగనాడు దానమ్మ వస్తే మామ్మ అడ్డాకులో నాలుగు బూరెలు చుట్టి అరుగు చివర పెట్టేది. చేతికిచ్చేది కాదు. దానమ్మ వంగి తీసుకుని బుట్టలో వేసుకునేది. అది తప్పని అప్పట్లో ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

ఆ ఏడు దసరాకి దానమ్మ వచ్చేసరికి మా దగ్గర ఇవ్వడానికేమీ లేదు. మామ్మ పెరటి వైపు నించే చెప్పింది.

"ఈ ఏడు మాకు పండగ నేదే దానమ్మా. తెలుసు గదా."

"తెలుసమ్మగోరూ. అందుకే నానే తెచ్చినాను" అంది దానమ్మ. బుట్టలో చేపలకి తగలకుండా పైన విడిగా పెట్టుకున్న అడ్డాకు పొట్లం తీసింది. "మా ఇంట మూకుడెట్టినాను. నాలుగు బూరెలు. గుంట నోరు కట్టుకుని ఎన్నాళ్ళుంటాది?"

వసారాలోంచి మామ్మ "అక్కడెట్టు" అంది.

దానమ్మ వీధి దాటీ దాటగానే మామ్మ నా చేత ఆ పొట్లం తెప్పించింది. తిట్టలేదు, మొహం చిట్లించలేదు. బూరెలు నాలుగూ తీసుకెళ్ళి మా ఆవు గౌరి గోలెంలో వేసేసింది. ఊళ్ళో వరసకి పెద్దమ్మ అయ్యే ఆవిడ ఇంటి నించీ, కాపుగారి ఇంటి నించీ వచ్చినవి మేం తిన్నాం. దానమ్మవి గౌరి తింది.

దీపావళికీ అంతే. ఈసారి నేను ముందే గోలెం దగ్గర కాపలా ఉన్నాను. మామ్మ వెనక్కి తిరగగానే ఒకటి లాగేశాను. సగం తడిసింది. లోపల శనగపప్పు పూర్ణంలో కొబ్బరి కోరు, యాలకులు. మా పెద్దమ్మ వండిన వాటికంటే బాగుంది. ఆ మాట అప్పుడు చెప్పి ఉంటే నా వీపు పగిలేది.

గోడ పక్కన నిలబడి తింటుంటే దానమ్మ మళ్ళీ వచ్చింది. దాహానికి నీళ్ళు తోడుకుందామని దొడ్డి దారిన పెరటి నూతి దగ్గరకి వచ్చిందట. నేను బూరెని వెనక్కి దాచుకున్నాను. గౌరి ఏం దాచుకుంటుంది? మూతి నిండా పూర్ణం. నాలికతో తీరిగ్గా నాక్కుంటోంది. గోలెంలో అడ్డాకు తేలుతోంది. దానమ్మ ఆవు వంక చూసింది, ఆవు దానమ్మ వంక చూసింది.

"గౌరి ఒళ్ళు సేసినాదే" అంది దానమ్మ. నీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

ఆమెకి తెలియలేదులే అనుకున్నాను. తెలిసి ఉంటే ఇక తీసుకురాదు కదా అని నా లెక్క. పెద్ద పండగకి మళ్ళీ తెచ్చింది. అంతకు ముందు నాలుగు తెచ్చేది, ఈసారి ఎనిమిది తెచ్చింది. గౌరికి అంతకు అంత.

మాఘ మాసం వచ్చింది. రథ సప్తమి వెళ్ళిన మూడో నాడు నేను పెద్దమనిషినయ్యాను.

మా వైపు ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. పెళ్ళి తరువాత పెళ్ళంత. మేనమామ పచ్చి తాటాకులు తెచ్చి చాప వేస్తే పిల్ల దాని మీద కూర్చోవాలి. నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి ముద్ద మేనమామ చేత్తో మొదట తినిపించాలి. తొమ్మిదో రోజున స్నానం. మాది చావు జరిగిన ఇల్లు కాబట్టి మేళం లేదు, భోజనాల్లేవు. అయిదుగురు ముత్తయిదువలు నీళ్ళు పోస్తే చాలు. తాతయ్య ఉంటే తొమ్మిది రోజులూ ఊరందరికీ విస్తర్లు వేసేవాడు. ఆ సంగతి అమ్మా అనలేదు, నేనూ అనలేదు. ఇద్దరం అదే అనుకుంటున్నామని ఇద్దరికీ తెలుసు.

మేళం లేకపోతే పోయింది. తాటాకు వేసే మేనమామ ఏడీ?

నాన్న ఆ పూటే కొత్తవలసకి కార్డు రాశాడు. నాలుగు మూలలా పసుపు ఉందో లేదో అమ్మ మూడుసార్లు చూసింది. నన్ను వీధి గదిలో ఒక మూల కూర్చోబెట్టారు. చాప లేదు, ఉత్త నేల. మేనమామ తాటాకు వచ్చేదాకా అంతేనంది మామ్మ, గోడ అవతలి నించి. నేను కనిపించకూడదని ఆమె, ఆమె కనిపించకూడదని నేను, గోడకి చెరో వైపు కూర్చున్నాం.

మూడో రోజు పోస్టుమాను వచ్చాడు, మా ఇల్లు దాటి వెళ్ళిపోయాడు. అయిదో రోజూ అంతే. చూడటానికి వచ్చిన ఆడవాళ్ళు నేల మీద కూర్చున్న నన్ను చూసి, తరువాత అమ్మని చూసేవారు.

"మేనమావ రానేదేటి?" అని అడిగింది పెద్దమ్మ.

"వస్తాడు" అంది అమ్మ.

"రాకపోతే మా అన్నని పిలుద్దాం. వరసకి మావే గదా. ఆకులు ఎవలేసినా ఆకులే."

"వస్తాడప్పా" అంది అమ్మ. గొంతు మామూలుగానే ఉంది. పెద్దమ్మ వెళ్ళాక నా పక్కన నేల మీదే కూర్చుని నా జడ విప్పి మళ్ళీ అల్లింది. నా మెడ మీద వెచ్చగా చుక్కలు పడ్డాయి. నేను కదల్లేదు. నాకు ఒక్కటే కోరిక ఉండేది ఆ రోజుల్లో. బూరె కాదు, చీర కాదు. మావయ్య వచ్చి అమ్మతో మాట్లాడాలి. నన్ను ఆకుల మీద కూర్చోబెట్టకపోయినా ఫర్వాలేదు, అమ్మని అప్పా అని పిలిస్తే చాలు. పిలవకపోతే ఆమె జన్మంతా ఆ అరుగు మీద బియ్యం ఏరుకుంటూ ఉండిపోతుందని నా భయం.

ఏడో రోజు దానమ్మ వచ్చింది. బుట్ట వీధిలోనే దించి కిటికీ చువ్వల్లోంచి నన్ను చూసింది.

"ఓలమ్మ, పెద్దదయిపోనాదేటి మా గుంట" అని మురిసిపోయి, అంతలోనే ఆగింది. "నేల మీద కూకున్నాదేటి వదినా?"

అమ్మ చెప్పింది. దానమ్మ చాలాసేపు విన్నది.

"తానం ఎప్పుడు?" అని మాత్రం అడిగింది.

"ఎల్లుండి."

బుట్ట నెత్తికెత్తుకుని గబగబా వచ్చిన దారినే వెళ్ళిపోయింది. పక్క వీధిలో ఆమె కోసం చూస్తున్నవాళ్ళు పిలుస్తున్నా ఆగలేదు. ఆ పూట మా ఊళ్ళో సగం ఇళ్ళకి చేప లేదు.

తొమ్మిదో రోజు తెల్లవారింది. అయిదుగురు ముత్తయిదువలు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. పసుపు కలిపారు, నీళ్ళు కాగాయి. ఎండ అరుగెక్కింది. ఎవరూ లేవలేదు. పెద్దమ్మ తన అన్నకి కబురు పంపనా అన్నట్టు నాన్న వంక చూసింది. నాన్న తల దించుకున్నాడు.

అప్పుడు వీధిలోంచి "అప్పా" అని పిలుపు వినిపించింది.

అమ్మ చెంబు వదిలేసి పరిగెత్తింది. కిటికీలోంచి నేను చూశాను. మావయ్య కాదు, ఎర్రన్న. భుజం మీద పచ్చి తాటాకులు, అయిదారు కమ్మలు, ఇంకా నీరు కారుతున్నాయి. ఉతికిన పంచె, తలకి కొత్త తువ్వాలు. పక్కన దానమ్మ, ఆమె తల మీద ఆ రోజు చేపల బుట్ట లేదు. మొట్టమొదటిసారి ఆమెని బుట్ట లేకుండా చూశాను. రెండు కోసులూ నడిచి వచ్చినవాళ్ళు అరుగుకి పది అడుగుల దూరంలో ఆగిపోయారు.

"అప్పా, ఈ ఆకులు ఇక్కడెట్టీసి ఎల్లిపోతాను" అన్నాడు ఎర్రన్న. అరుగు మీది ఆడవాళ్ళని చూసి గొంతు తగ్గించాడు. "గుంట నేల మీద కూకున్నాదని ఇది సెప్పినాది. నర్సింగరావు బావు వస్తే ఆయన సేత్తోనే ఏస్తాడు. మన ఊరి గుంటకి మన ఊరి ఆకులని తెచ్చినాను. తప్పయితే సెప్పు, తీసుకుపోతాను."

అమ్మ ఏడుస్తోంది. నాన్న దిగి రాబోయి ఆగి, ఇంట్లోకి చూశాడు. మేమందరం ఇంట్లోకే చూస్తున్నాం.

పెరటి తలుపు కిర్రుమంది. మామ్మ నడుచుకుంటూ నా గది ముందు నించే వెళ్ళింది. నన్ను చూడకుండా వెళ్ళాలని ప్రయత్నించింది గాని చూసింది. అయిదు నెలల తరువాత వీధి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ముత్తయిదువలు గాభరాగా లేచారు.

"మంచి పని కాడ నువ్వు ఇవతలికి వచ్చినావేటి అత్తా?" అంది పెద్దమ్మ.

మామ్మ ఆ మాట విననట్టే ఎర్రన్నని అడిగింది. "ఆ సేతిలో మూటేటి?"

"సిమ్మిలి అమ్మగోరూ."

"ఎవలు దంచినారు?"

"నానే. మేనమావే దంచాలని మా అమ్మ సెప్పీది" అన్నాడు. అన్నాక, పెద్ద మాట అనేశానేమోనని దానమ్మ వంక చూశాడు. "రోలు రెండుసార్లు కడిగించినాను."

మామ్మ చెయ్యి చాపింది. ఎర్రన్న అలవాటు ప్రకారం ముందుకొచ్చి మూటని అరుగు చివర పెట్టబోయాడు.

"అక్కడొద్దు. సేతికియ్యి" అంది మామ్మ.

ఇచ్చాడు. ఆమె ఆకు విప్పి, చిటికెడు చిమ్మిలి తుంచి నోట్లో వేసుకుంది. అందరూ చూస్తున్నారు. తాపీగా నమిలి మింగింది.

"బెల్లం తగ్గినాది" అంది. "కాళ్ళు కడుక్కుని లోనకి రా. గుంట తొమ్మిది రోజులై నేల మీద కూకున్నాది."

పెద్దమ్మ ఏదో అనబోయింది. మామ్మ ఆమె వైపు తిరిగింది.

"గుమ్మానికి అవతల కూకోడం ఎలగుంటాదో నాకు అయిదు నెల్లై తెలుస్తన్నాదే. నాను ఇంకొకలిని కూకోబెట్టలేను" అంది.

ఎర్రన్న మావయ్య లోపలికి వచ్చాడు. ఆ రోజు నించీ నాకు ఆయన మావయ్యే. నా ముందు గొంతుక్కూర్చుని తాటాకు చాప అల్లాడు. వలలు అల్లే చేతులు కదా, మేం చూస్తుండగానే అయిపోయింది. నన్ను దాని మీద కూర్చోబెట్టి చిమ్మిలి ముద్ద నోట్లో పెట్టాడు. నాకైతే బెల్లం సరిపోయిందనే అనిపించింది. అయిదుగురు ముత్తయిదువలు కాస్తా ఆరుగురయ్యారు, ఆరో చెంబు దానమ్మది. ఆ పచ్చి తాటాకు వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నాకు కళ్ళు చెమరుస్తాయి. నా జీవితంలో చాలా మంది చాలా ఇచ్చారు. రెండు కోసులు నడిచి వచ్చి, తప్పయితే తీసుకుపోతానన్న మనిషి ఒక్కడే.

మావయ్య పదకొండో రోజున వచ్చాడు. నరసింగరావు మావయ్య. ఆయన్ని కొండ లైను మీదకి రెండు వారాల డ్యూటీకి పంపించారట. భార్య పురిటికెళ్ళిన పుట్టింట్లోనే ఉండటంతో, తాళం వేసిన ఇంటి తలుపు సందులో మా కార్డు పడి ఉందట. చూసిన వెంటనే ఓణీ కొనుక్కుని రైలెక్కాడు. వీధిలోనే నిలబడిపోయాడు, లోపలికి రావడానికి మొహం చెల్లక.

"అప్పా" అన్నాడు.

అమ్మ చేటలో బియ్యం వదిలేసి లేచింది. ఆయన చేతిలో చెంబు పెట్టింది. ఈసారి పుచ్చుకున్నాడు.

"ఆడపిల్ల పుట్టినాది. బాగున్నాది" అన్నాడు కాళ్ళు కడుక్కుంటూ, తల ఎత్తకుండా. "ఆ కార్డుకి ఎట్టిన దీపమే కాసినాదంటాది మీ మరదలు. పెద్దాయనే మనింటికొచ్చి దీపం ఎట్టించుకున్నాడంటాది. నానే ఎర్రిమొకాన్ని. రాద్దారంటే సిగ్గేసినాది."

అమ్మ ఏడుస్తూ నవ్వింది. ఆయన లోపలికి వచ్చి నన్నూ, నా పక్కన ఇంకా తియ్యని తాటాకు చాపనీ చూశాడు.

"ఇదెవలేసినారు?"

"పెద్ద మేనమావ ఏసీసినాడు" అంది మామ్మ. ఇప్పుడు ఆమె పీట వీధి గదిలోకి వచ్చేసింది. "నువ్వు ఆలీసంగా వచ్చినావు గనక రెండోవోడివి. ఓణీ ఇచ్చి కూకో."

మావయ్య కూర్చున్నాడు. ఆ పూట విస్తరి ముందు కూడా కూర్చున్నాడు. మూకుడు పెట్టకూడదు కాబట్టి ముద్దపప్పూ, చింతపండు చారే. రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

ఆ నెల దాటాక ఉగాదికి ముందు మా వైపు చేసుకునే కొత్త అమావాస్య వచ్చింది. ఇంకా మాకు ఏడాది తిరగలేదు. వీధిలో అన్ని ఇళ్ళ నించీ నూనె వాసన వస్తోంది. మామ్మ వీధరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. దానమ్మ వచ్చి బుట్ట దించి, పొట్లం తీసి మామ్మ చేతికిచ్చింది.

మామ్మ అక్కడికక్కడే ఆకు విప్పింది. ఒక బూరె తీసుకుని, దానమ్మ చూస్తుండగా కొరికింది. నాకు ఆత్రంగా ఉంది. ఈసారి బాహాటంగా చెయ్యి చాపాను, గోలెంలోంచి లాగక్కర్లేకుండా.

"బాగున్నాయే. కొబ్బరేసినావేటి?" అంది మామ్మ నములుతూ. పొట్లంలోకి చూసింది. "ఎనిమిదెందుకే? మేం ఉన్నది నలుగురం గదా."

దానమ్మ బుట్ట నెత్తికెత్తుకుని, చుట్టకుదురు సరిచేసుకుంటూ చెప్పింది.

"నాలుగు మీకు, నాలుగు గౌరికి అమ్మగోరూ. దానికి అలవాటయిపోనాది గదా, పాపం."

సగం కొరికిన బూరె మామ్మ చేతిలోనే ఆగిపోయింది. దానమ్మ మొహంలో ఎత్తిపొడుపు లేదు. ఎండలో నిలబడి, పళ్ళు కనపడేలా నవ్వుతోంది. మామ్మ ఆమెని చూస్తూ చూస్తూ ఒక్కసారిగా నవ్వేసింది. కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. తాతయ్య పోయాక మామ్మ నవ్వడం నేను అదే మొదలు వినడం.

తరువాత చెయ్యి ఊతగా లేచి నిలబడి, నాలుగు బూరెలూ కొంగులో వేసుకుని, గౌరి దగ్గరకి నడిచింది.